కన్నీటికి వాత

యుట్టా కళ్ళు తడిశాయంటే ఊరి ఆడవాళ్ళకి పండగే. గుడిలో పూజ చేస్తూ గురువుగారు పీఠం దగ్గర క్రీస్తు శరీరమైన అప్పం పైకెత్తే వేళకి సరిగ్గా ఆమె ముఖం మీద రెండు ధారలు దిగేవి. అరుపుల్లేవు, వెక్కిళ్ళు లేవు, ముక్కు చీదడం కూడా లేదు. కటకటాల అవతల నిలబడ్డ జనం "అదుగో, మొదలైంది" అంటూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవారు. పూజ అయిపోయినా ఆ ధార ఆగేది కాదు. భోజనాల గదిలో పులుసులో పడేది, ఉతికే చోట తొట్లో పడేది, నిద్రలో దిండు నానిపోయేది. డెమెర్ నది ఒడ్డున ఆ క్రైస్తవ కన్యల మఠం వెలిసిన తర్వాత ఇంతటి వరం ఇంకెవరికీ దక్కలేదని లోపలివాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. లోకంలో పాపులు ఏడవాల్సిన ఏడుపంతా ఈమె ఒక్కతే ఏడుస్తోందట, ఆ నీళ్ళకి, పోయినవాళ్ళు పాపాలు కాల్చుకునే ఉత్తరించు స్థలంలో మంటలు చల్లబడతాయట.

అందుకే చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు నారగుడ్డ పీలికలు తెచ్చి, ద్వారం పక్కనున్న చిన్న కిటికీలోంచి లోపలికి ఇచ్చేవారు. యుట్టా వాటితో కళ్ళు ఒత్తుకుని తిరిగిచ్చేది. కొందరు వాటిని జ్వరంతో ఉన్న పిల్లల నుదుటి మీద వేసేవారు. కొందరు పోయినవాళ్ళ చేతిలో పెట్టి పూడ్చేవారు.

ఒక్క ఓడా మాత్రం ఆ ధార చూడలేక ముఖం తిప్పుకునేది. ఓడా యుట్టాకి సొంత అక్క. మఠంలో రోగుల గది ఆమె చేతిలో ఉండేది. తల్లి పోయాక పాలపళ్ళు కూడా ఊడని చెల్లెల్ని చంకనేసుకుని ఈ గుమ్మం తొక్కింది ఆమే. పేలు చూసింది ఆమే, కాళ్ళు పగిలితే పంది కొవ్వు రాసింది ఆమే, చలికాలంలో పక్కలో పడుకోబెట్టుకుందీ ఆమే. ఆ పిల్ల ఇప్పుడు ముప్పై దాటిన మనిషి, కానీ ఎత్తి చూస్తే పిట్టంత బరువు లేదు. కనురెప్పలు పచ్చి పుండ్లయి వాటి వెంట్రుకలన్నీ రాలిపోయాయి. కీర్తనల పుస్తకం ముక్కుకి ఆనించుకున్నా అక్షరం ఆనడం లేదు. బీరు పోసుకుంటే సగం కప్పులో, సగం బల్ల మీద.

"వరమట వరం," అని ఓడా మందులు నూరుతూ గొణుక్కునేది. "ఎవడిక్కావాలి ఈ వరం!"

ఆమె నేర్చిన వైద్యం ప్రకారం దుఃఖం ఊరికే వచ్చి పోయేది కాదు. అది గుండెలో వేడిని లోపలికి లాగేసుకుంటుంది. వేడి అందని తలలో కఫం పేరుకుంటుంది, పేరుకున్నది కళ్ళ దారిన దిగుతుంది. అలా దిగుతూ పోతే ముందు చూపు పోతుంది, తర్వాత మనిషి పోతుంది. ఆమెకు పని నేర్పిన ముసలి మఠకన్య అలా పోయినవాళ్ళని కళ్ళారా చూసి చెప్పిన మాట అది. చెల్లెలి రెప్పలు పుండ్లు పడ్డ రోజు నుంచి ఓడాకి కునుకు పట్టలేదు. చెల్లెలు చచ్చిపోతుంది, ముందు గుడ్డిదై ఆ తర్వాత చచ్చిపోతుంది. దాన్ని ఆపాలి. ఆమెకున్న గొడవల్లా అదొక్కటే.

చివరికి తెగించి మఠాధిపతి ఇమేనా అమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారూ, అది నీళ్ళ జబ్బు. నడినెత్తిన, చెవుల వెనక వాతలు పెడితే ఎండిపోతుంది. మీరు ఊఁ అంటే చాలు."

"దేవుడు తవ్విన ఊటని నువ్వు పూడుస్తావా ఓడా?"

"దానికి చూపు పోతోందమ్మగారూ."

"పోతే పోనీ. పైన చూసుకోవడానికి ఆయన వేరే కళ్ళిస్తాడు."

"మరి కింద మెట్లు దిగడానికో?"

"నోరు!" అంది ఇమేనా అమ్మగారు. ఆవిడ చెడ్డది కాదు. నడి చలికాలంలో తన దుప్పటి తీసి ముసలివాళ్ళకి కప్పేది. కానీ దేవుడి విషయం వస్తే గోడే. "ఆ నీళ్ళ జోలికి వెళ్ళావో, రోగుల గది తాళాలు నీ నడుముకి ఉండవు. వెళ్ళు."

ఓడా వంగి దణ్ణం పెట్టి బయటికొచ్చింది. వసారాలో వంటింటి గిసెలా బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది. గిసెలాకి ఎవరి ముఖం మాడినా ఊరుకోబుద్ధి కాదు.

"ఏంటమ్మా, చీవాట్లా? పోనీలే. మీ చెల్లెలి పుణ్యమా అని నాకు ఉప్పు మిగులుతోంది. గిన్నె ముందు పెడితే చాలు, అడక్కుండానే వేసేస్తుంది!"

"నీ నోట్లో దుమ్ము పడ," అని ఓడా విసురుగా వెళ్ళిపోయింది. ఆ క్షణంలోనే నిశ్చయించేసుకుంది, అమ్మగారు ఊఁ అనకపోయినా సరేనని.

కోతలు అయిపోయి ఆకులు రాలే వేళకి ఒంటికి మంచిదని నెత్తురు తీయించుకునే రోజులు వచ్చాయి. మఠంలో అందరూ ఎదురుచూసే రోజులవి. కొందరు కొందరుగా రోగుల గదికి వచ్చి, చెయ్యి చాచి, నరం కోయించుకుని, ఆ తర్వాత నిప్పు పక్కన కూర్చునేవారు. అర్ధరాత్రి జపానికి లేవక్కర్లేదు, మాంసం ముక్క తినొచ్చు, అన్నిటికన్నా ముఖ్యం, నోరు తెరిచి మాట్లాడుకోవచ్చు. ఏడాది పొడుగునా చాటుమాటుగా తప్ప నోరు తెరవకుండా సైగలతో బతికేవాళ్ళకి అది చిన్న విషయమా? కత్తి గాటు కంటే కబుర్లే ఎక్కువగా గుర్తుండేవి.

ఓడా యుట్టాని ఆఖరి బృందంలో పెట్టింది. మిగతావాళ్ళు తిని తోటలోకి వెళ్ళాక తలుపు మూసి, ఇనప కడ్డీ నిప్పుల్లో పెట్టింది. యుట్టాకి సరిగా కనిపించదు గానీ వాసన తెలిసింది.

"అక్కా, ఏంటది?"

"తలనొప్పి అన్నావుగా. దానికి."

"నేనెప్పుడన్నానే?"

"మొన్న అన్నావు. నోరు మూసుకుని తల వంచు."

యుట్టా నవ్వింది. "సరే. నువ్వన్నావంటే అనే ఉంటాను."

ఆ నమ్మకానికి ఓడా కడ్డీని మళ్ళీ నిప్పుల్లోకి తోసింది. కరిచి పట్టుకోమని తోలుముక్క ఇస్తే యుట్టా పక్కకి నెట్టేసింది.

"ఆయనకి మేకులు దిగ్గొట్టినప్పుడు తోలుముక్క ఇచ్చారా?"

"ఆయన దేవుడే. నువ్వు మా అమ్మ కూతురివి. పట్టు."

నడినెత్తిన ఒకటి, చెవుల వెనక చెరొకటి. కాలిన వాసన గదంతా కమ్మేసింది. యుట్టా కెవ్వుమనలేదు, బల్ల అంచు పట్టుకుని పెదాలు కదుపుతూ ఏదో జపం చదువుకుంది. ఓడా ఒక్కో పుండులో ఎండు బఠాణీ గింజ పెట్టి కట్టు కట్టింది, అవి త్వరగా మానకుండా, తలలోని నీరంతా అటునుంచి దిగిపోవాలని. తర్వాత కొన్ని వారాల పాటు ఆమెకి కాల్చిన మాంసం, ఎండు రొట్టె, మిరియం కలిపిన వేడి వైను. చేప లేదు, పాలు లేవు, పచ్చి కూర లేదు. వేయించిన ఉప్పు మూటతో రోజూ మాడుకి కాపడం. ఎవరైనా అడిగితే "తలనొప్పి పాపం" అని చెప్పేది. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

నీళ్ళు తగ్గాయి. రోజురోజుకీ తగ్గి, ఒక ఉదయం దిండు పొడిగా ఉంది. పుండ్లు కట్టిన రెప్పలు మానాయి. యుట్టా మంచం మీద లేచి కూర్చుని, చాలాసేపు అక్క ముఖంలోకి చూసింది.

"అక్కా! నీ కనుబొమలు ఎప్పుడు తెల్లబడ్డాయే? ముసలిదానివైపోయావు!"

ఓడాకి నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. "ఎవరే ముసలిది? నిన్ను మోసి మోసి ఇలా అయ్యాను," అని చెల్లెలి చెంపలు రెండూ పట్టుకుని ఊపేసింది. యుట్టా కిటికీ దగ్గరికి వెళ్ళి నదిని చూసింది, అవతలి ఒడ్డున మేకలు ఉన్నాయంది, అందులో ఒకటి కుంటుతోందంది. ఆ కుంటి మేకను చూసి అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆ ఒక్క పూట కోసం నరకానికి పోవాల్సొచ్చినా పోతాననుకుంది ఓడా. దేవుడు ఆ మాట విన్నాడేమో.

ఆత్మల పండగ వచ్చింది. ఆరోజు చచ్చిపోయినవాళ్ళ కోసం జరిగే పూజకి జనం గుడి బయట దాకా నిలబడ్డారు. కిటికీలోంచి వచ్చిన గుడ్డ పీలికలు రెండు బుట్టలు నిండాయి. లాంబెర్ట్ గురువుగారు అప్పం పైకెత్తారు. జనం మెడలు సాచారు. యుట్టా మోకాళ్ళ మీద ఉంది, ముఖం పైకెత్తి ఉంది. చెంపలు పొడిగా ఉన్నాయి. గురువుగారి చేతులు కిందికి దిగాయి, ద్రాక్షరసపు గిన్నె పైకి లేచింది, అదీ దిగింది. ఒక్క చుక్క లేదు. కటకటాల వెనక గుసగుస మొదలైంది. యుట్టా కళ్ళు గట్టిగా మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

గుడ్డలు ఎలా వచ్చాయో అలాగే తిరిగి వెళ్ళాయి. ఒక ముసలావిడ తన పీలికని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇదేంటి, పొడిగా ఉందే!" అని కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"అక్కా, నేనేం పాపం చేశాను?" అంది యుట్టా ఆ సాయంత్రం.

"ఏ పాపమూ లేదే పిచ్చిదానా. జబ్బు తగ్గింది, అంతే."

"ఏ జబ్బు?"

"తలనొప్పి."

"ఆయన నన్ను వదిలేసి పోతే నువ్వు తలనొప్పి అంటావేంటే?"

చెప్పాల్సింది అప్పుడే. కానీ తాళాలు పోతాయి, తాళాలు పోతే చెల్లెల్ని చూసేదెవరు అని తనకి తాను చెప్పుకుని, ఓడా మాట మింగేసింది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది, కళ్ళతో పాటు మనసూ కుదుటపడుతుంది అనుకుంది. మనసు గురించి ఆమె చదివిందంతా గుండె వేడి, తల చల్లదనం. మనిషికి దేవుడు దూరమైతే ఒంట్లో ఏ రసం పెరుగుతుందో, ఏది తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు.

లాంబెర్ట్ గురువుగారు చెప్పారు మరి. "ఇచ్చినవాడు వెనక్కి తీసుకున్నాడంటే లోపల ఎక్కడో గర్వం ఉండే ఉంటుంది. వెతుకమ్మా." యుట్టా వెతికింది. గురువుగారి చెవిలో తప్పులు చెప్పుకునే పాప సంకీర్తనానికి రోజూ వెళ్ళింది. చిన్నప్పుడు పక్కింటి చెట్టున కోసిన పియర్ పండు చెప్పింది, పాటలో తన గొంతు బాగుందని మురిసిపోయిన పూట చెప్పింది, మాంసం ముక్క రుచిగా ఉందనుకోవడం చెప్పింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. కళ్ళు మాత్రం బండరాళ్ళలాగే ఉన్నాయి. జపం వేళకి లేవడం మానేసింది. గోడ వంక చూస్తూ కూర్చునేది. "మధ్యాహ్నపు భూతం పట్టింది, జపం మీద మనసు చంపేసే భూతం," అన్నారు గురువుగారు. "ఒంటి కాలి మీద నిలబెట్టి కీర్తనలు చదివించండి."

ఓడా తెలిసిందంతా తిరగేసి చేసింది. ఇప్పుడు చెల్లెలి ఒంట్లో పేరుకున్నది నల్లపిత్తం, మట్టిలా చల్లగా, పొడిగా ఉండేది. అది తనే తెచ్చిపెట్టింది. పుండ్లలోంచి గింజలు తీసి మాన్పింది. గోరువెచ్చని స్నానాలు, బాదం పాలు, లేత ఆకులు, చేపల పులుసు. ఎండగట్టిన చేత్తోనే మళ్ళీ తడపాలని రాత్రింబవళ్ళు తంటాలు పడింది. ఏం తడుస్తుంది? ఒళ్ళు కాస్త నునుపు తేలిందే తప్ప చుక్క రాలలేదు.

అప్పుడు వచ్చింది ఉల్లిపాయల గొడవ.

రోజూ పొద్దున్నే అందరూ సభ గదిలో గోడ వెంట కూర్చుని తమ తప్పులు తాము చెప్పుకోవాలి. తర్వాత ఒకరి తప్పు ఇంకొకరు చెప్పాలి. అది ప్రేమతో చేసే పని అని నియమం. ఆరోజు గిసెలా లేచింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"యుట్టా మీద చెప్తున్నానమ్మగారూ. కొట్లో ఉల్లిపాయలు తగ్గుతుంటే ఎలుకలనుకున్నాను. నిన్న ఆమె గౌను చేతిలోంచి సగం కోసిన ఉల్లిపాయ గుడిలో నేల మీద పడింది. నేను చూశాను."

గోడ వెంట తలలన్నీ యుట్టా వైపు తిరిగాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఇమేనా అమ్మగారు.

యుట్టా నేల మీద పడిపోయింది. "ఆత్మల పండగ తర్వాత నుంచే అమ్మగారూ. అంతకు ముందు ముట్టలేదు, ఇప్పుడు దీంతోనూ చుక్క రాలేదు. ముందరివి నిజమైనవే. నన్ను నమ్మండి, ముందరివి నిజమైనవే!"

"ఎలా నమ్మమంటావు?" అంది అమ్మగారు. ఆవిడకే ఎక్కువ దెబ్బ తగిలింది. ఆ కన్నీళ్ళని నమ్మినవాళ్ళలో ఆవిడే మొదటిది.

ఓడా నోరు తెరిచింది. లేవాలి, "నేను పెట్టాను వాత" అనాలి, అంతే కదా! తెరిచిన నోరు మూసుకుని తల దించుకుంది. పిరికిది. దానికి ఇంకో పేరు పెట్టడం దండగ.

శిక్ష వేశారు. అందరూ గుడిలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు యుట్టా గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకోవాలి. ఒక్కొక్కరూ ఆమెని దాటుకుని వెళ్ళాలి. ముసలివాళ్ళు గౌను అంచు ఎత్తిపట్టుకుని జాగ్రత్తగా దాటేవారు. పడుచువాళ్ళు ఒక్క అంగలో దాటేవారు. గిసెలా మాత్రం దాటే ముందు "క్షమించు తల్లీ" అని గొణిగేది. ఓడా కూడా దాటింది. చంకనేసుకుని తెచ్చిన పిల్లని జపజపానికీ దాటింది. కాలు ఎత్తిన ప్రతిసారీ ఆ వీపు కింద ఎముకలు కనిపించేవి, కానీ వెనక వరస వస్తోంది కాబట్టి ఆగడానికి వీల్లేదు.

క్రిస్మస్‌కి శిక్ష ఎత్తేశారు. అందరూ పీఠం దగ్గరికి వెళ్ళి అప్పం ముక్కని సత్ప్రసాదంగా తీసుకున్నారు. యుట్టా లేవలేదు.

"రావేంటే?" అని ఓడా లాగింది.

"ఇంకెందుకక్కా? నా తీర్పు అయిపోయింది. ఆయనకి నేనక్కర్లేదు. చచ్చాక చెప్పాల్సిన మాట నాకు ముందే చెప్పేశాడు, అంతే తేడా."

తిండి మానేసింది. ఓడా చెంచాతో నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయేది. ఆశ వదులుకోవడమంత పాపం ఇంకోటి లేదని గురువుగారు హడలిపోయారు. అలా పోయినవాళ్ళని గుడి నేలలో పూడ్చనివ్వరని అందరికీ తెలుసు.

ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం మొదట్లో ఒక పొద్దున, ఉతికే చోట యుట్టా కనిపించలేదు. ఓడా చేతిలో గంప పడేసి పరుగెత్తింది. పిండి విసిరే నీటిమర పక్కన మడుగు ఒడ్డున యుట్టా నిలబడి ఉంది. గౌను కొంగు ఎత్తి నడుముకి దోపుకుంది, అందులో రాళ్ళు. గులకరాళ్ళు కావు, గోడకి పెట్టే రాళ్ళు.

"యుట్టా!"

"వెళ్ళిపో అక్కా. నువ్వు చూడకు."

"ఆగవే! ఆయన నిన్ను వదల్లేదే. నేను, నేనే ఆపాను!"

యుట్టా వెనక్కి తిరిగింది.

ఓడా ఆ చలిలో, నీటిమర చప్పుడులో, అరుస్తూ చెప్పేసింది. తలనొప్పి అబద్ధమంది. వాతలు కళ్ళ నీళ్ళు ఆపడానికంది. అమ్మగారు వద్దన్నారంది, దొంగతనంగా చేశానంది, సభలో నోరెత్తలేకపోయానంది. "నువ్వు గుడ్డిదానివైపోతావని, చచ్చిపోతావని భయపడ్డానే. నీ పాపం కాదు, ఆయన కోపమూ కాదు. అది ఒట్టి జబ్బు. తలలో కఫం. నేనే ఎండగట్టాను. ఆయన నిన్నేమీ అనలేదు తల్లీ, ఆయన అసలేమీ అనలేదు!"

యుట్టా కొంగు విప్పింది. రాళ్ళు ఒక్కొక్కటే బురదలో పడ్డాయి. ఓడా పరుగున వెళ్ళి వాటేసుకుంది. బతికింది, చెల్లెలు బతికింది! ఆ సంతోషంలో యుట్టా మాట ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"అయితే అదంతా కఫమేనా అక్కా?"

"ఏంటే?"

"ఇన్నేళ్ళూ కారింది. పూజలో, జపంలో. ఆయన నా పక్కన నిలబడ్డాడనుకున్నానే, ఆయన చెయ్యి నా తల మీద ఉందనుకున్నానే. నువ్వు ఇనప కడ్డీ పెడితే ఆగిపోయింది. అంటే అది ఆయన కాదు."

"ఆయనే పంపాడేమో ఆ కఫాన్ని... ఆయన తలుచుకుంటే..."

"ఆయన తలుచుకున్నదాన్ని నువ్వు ఆపగలవా?"

ఓడా రెండు జవాబులూ తిప్పి తిప్పి చూసుకుంది. ఆపగలనంటే వచ్చింది దేవుడు కాదు. ఆపలేనంటే వదిలేసి పోయింది దేవుడే. ఏది చెప్పినా ఆ పిల్లకి మిగిలేది ఏమీ లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని మఠానికి నడిచారు. ఆ మధ్యాహ్నం యుట్టా గిన్నెడు బఠాణీ పులుసు తాగింది.

తర్వాత అంతా బాగైపోయింది. అందరూ అలాగే అన్నారు. యుట్టా లేస్తోంది, తింటోంది, జపానికి అందరికన్నా ముందు వస్తోంది, కీర్తనలు తప్పు లేకుండా చదువుతోంది. ఈస్టరుకి సత్ప్రసాదం కూడా తీసుకుంది, మందు మింగినట్టు. భూతం వదిలిందన్నారు లాంబెర్ట్ గురువుగారు. ఇమేనా అమ్మగారు ఓడాని పిలిచి, "నీ చేతిలో మహిమ ఉందమ్మా," అన్నది. ఓడా తల వంచుకుంది. యుట్టా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్క మీద జాలితోనో, చెప్పుకోవడానికి ఏమీ లేదనో. కళ్ళు చక్కగా కనిపిస్తున్నాయి కాబట్టి ఆమెను ద్వారం దగ్గర పనికి పెట్టారు.

వేసవి మొదట్లో ఒక పూట ఓడా నదివైపు తోట నుంచి ఆకులు కోసుకుని వస్తుంటే కిటికీ అవతల ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. పడుచు గొంతు, బాగా అలిసిపోయింది.

"ఏడ్చే అమ్మ ఉందంట గదా ఇక్కడ. డీస్ట్ ఊరి అవతల నుంచి వస్తున్నాను తల్లీ. నా బిడ్డ పుట్టగానే పోయింది. తలమీద జ్ఞానస్నానం నీళ్ళు పోసే లోపలే పోయింది. గుడి నేలలో పెట్టనివ్వలేదు. క్యాబేజీ మళ్ళ పక్కన పెట్టాడు మా ఆయన. ఈ గుడ్డ ఒక్కటి ఆ అమ్మ కళ్ళతో తడిపిస్తే తీసుకెళ్ళి దాని మీద కప్పుతాను. అదెక్కడుందో అక్కడ కాస్త చల్లగా ఉంటుంది."

"ఆ అమ్మ లేదు," అంది యుట్టా.

"పోయిందా? ఎప్పుడు?"

"పోలేదు. అలాంటి అమ్మ ఎప్పుడూ లేదు."

ఆ మనిషికి అర్థం కాలేదు. "మా అత్త జ్వరానికి గుడ్డ పట్టుకెళ్ళిందమ్మా ఇక్కణ్ణుంచే..." అంది. తర్వాత గొంతు తగ్గించి, "పోనీ ఇంకెవరైనా ఏడుస్తారా? నా బిడ్డ కోసం ఎవరో ఒకరు..."

"ఎవరూ లేరమ్మా. ఏడ్చినా అందదు. ఇంటికెళ్ళి ఏమన్నా తిను. పచ్చి బాలింతవి, ఎండలో నిలబడకు."

ఆ మాటల్లో విసుగు లేదు, నిజంగా ఆ పిల్ల ఆరోగ్యం గురించే చెప్పింది. బయట అడుగులు, మెల్లగా దూరమవుతూ. యుట్టా కిటికీ తలుపు మూసి గడియ పెట్టింది.

ఓడా పరుగెత్తి ఆ తల్లిని ఆపుదామనుకుంది. ఆపి ఏం చెప్పాలి? పాలు గడ్డకడితే కట్టుకోవడానికి ఆకు ఇవ్వగలదు. బిడ్డ సంగతి అడిగితే? చేతిలో ఆకుల గంపతో వసారాలో అలాగే నిలబడిపోయింది. ముఖం తడిసిపోతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

యుట్టా ఇటు తిరిగి, అక్కని చూసి, దగ్గరికొచ్చింది. కొంగుతో ఓడా చెంపలు తుడిచి, రెప్పలు వేలితో ఎత్తి వెలుతురులోకి తిప్పి చూసింది.

"నీకూ మొదలైందే," అంది. "మనింట్లో ఉన్నట్టుంది ఈ జబ్బు. చల్లవి తినకు అక్కా, రేపు కాపడం పెడతాను."

ఓడా ఆ గొంతులో వెటకారం కోసం వెతికింది. ఏ మూలైనా కాస్త కోపం ఉంటే కాళ్ళ మీద పడి క్షమించమని అడగొచ్చు. లేదు. చెల్లెలు చాలా ప్రేమగానే అంది.